ఒక పట్టీ తక్కువ

జంషెడ్‌పూర్‌లో పుట్టి పెరిగినవాళ్లకి పలుచని వస్తువు మీద నమ్మకం ఉండదు. మా క్వార్టర్ల వరసలో బట్టలారేసే తీగలకి పాతిన గుంజలు ఒకప్పటి రైలు పట్టాల ముక్కలు. పక్కింటివాళ్ల ఉయ్యాల క్రేను గొలుసుతో వేలాడేది. అందులో ఊగేది ఆర్నెల్ల పిల్ల. మా ఇంటి గడియ చూస్తే దొంగల కోసం కాదు, ఏనుగుల కోసం చేయించినట్టుండేది. ఏదైనా విరిగితే మావాళ్లు ఎందుకు విరిగిందని అడగరు, మందం పెంచి మళ్లీ చేస్తారు. నేనూ ఆ ఊరివాడినే. ఎనభైల మొదట్లో నా కారు వెనక భాగం గెంతడం మొదలుపెట్టినప్పుడు నాకు తోచిన మందూ అదే.

కారంటే కొత్తదేం కాదు. ఏదో ఆఫీసు బాగా వాడుకుని వదిలించుకున్న అంబాసిడర్. నేను అప్పటికి కార్ఖానాలో ఫిట్టర్‌గా చేరి నాలుగేళ్లు. ఇంజను నా చేత్తో విప్పి, నా చేత్తో బిగించాను. వారమంతా అది డ్యూటీకీ, బజారుకీ, చుట్టాల పెళ్లిళ్లకీ తిరిగేది. నెలకో రెండు నెలలకో ఒక ఆదివారం మాత్రం ధాల్‌భూమ్‌గఢ్ వెళ్లేది. అక్కడ సాల్ చెట్ల మధ్య యుద్ధకాలంలో విమానాల కోసం సిమెంటుతో వేసి వదిలేసిన రన్‌వే ఒకటుంది. రెండు కార్లు పక్కపక్కన నిలబడేవి. ఒకడు చెయ్యెత్తి రుమాలు వదిలేవాడు. రుమాలు నేలకి తగలగానే బయల్దేరి పావు మైలు అవతల పెట్టిన తారు పీపా ఎవరు ముందు దాటితే వాళ్లు గెలిచినట్టు. పేరుకి పందెమే గాని ఎవరూ పైసా పెట్టేవాళ్లం కాదు. పరువే పెట్టేవాళ్లం. ఆ వయసులో అదే ఎక్కువ ఖరీదు.

నా ఇబ్బంది బయల్దేరడంలో ఉండేది. ఇంజనులో బలం ఉంది. క్లచ్ వదలగానే ఆ బలం వెనక చక్రాలకి చేరేలోపు కారు వెనక భాగం కప్పలా నాలుగైదు గెంతులు గెంతేది. ఆ గెంతులయ్యేసరికి పక్క కారు వెనక నంబరు ప్లేటు చదువుకునే దూరంలో ఉండేది. అంబాసిడర్ వెనక ఇరుసుని రెండు వైపులా కమాన్లు మోస్తాయి. కమాను అంటే ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన ఉక్కు పట్టీల కట్ట. పై పట్టీ పొడుగ్గా ఉంటుంది, కిందకి పోయేకొద్దీ పొట్టివి. ఆ కట్ట మెలిపడి, విడిపోయి, మళ్లీ మెలిపడుతోందని మాకందరికీ తెలుసు. ఏం చెయ్యాలో కూడా అందరికీ తెలుసు. ఇంకో రెండు పట్టీలు వెయ్యాలి. గోల్‌మురి బజారులో టీ కొట్టు దగ్గర నేను అడిగిన ప్రతివాడూ ఆ మాటే చెప్పాడు. టీ పోసేవాడు కూడా చెప్పాడు.

అడగనిది ఒక్కణ్ణే. మా నాన్నని.

నాన్న కుర్రతనంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ట్రక్కుల కార్ఖానాలో కుదిరాడు. ఇరవై నాలుగేళ్లు అక్కడ కమాన్లు తయారుచేసే స్ప్రింగు షాపులోనే పనిచేశాడు. కొలిమిలోంచి ఎర్రగా కాలిన పట్టీని పట్టకారుతో లాగి, అచ్చులో పెట్టి వంచి, నూనెలో ముంచడం పని. చివరి పదేళ్లూ అక్కడ మేస్త్రి. ఒకరోజు పట్టీల కట్ట ఎత్తుతుంటే నడుం పట్టేసింది. వెన్నుపూసల మధ్య బిళ్ల జారిందన్నారు డాక్టర్లు. బరువులెత్తకూడదు, కుదుపులు తగలకూడదు. కంపెనీవాళ్లు మంచి మనసుతోనే టూల్ రూములో కుర్చీ ఇచ్చారు. ఆ కుర్చీ ఆయనకి నడుం నొప్పి కంటే పెద్ద నొప్పి. స్ప్రింగు షాపులో ఆయన్ని అడక్కుండా కొలిమి వేడి మార్చేవారు కాదు. టూల్ రూములో ఆయన్ని అడిగేదల్లా ఫలానా స్పానర్ ఉందా లేదా అని.

ప్రతి గురువారం పొద్దున్న ఆసుపత్రిలో ఆయన నడుముకి వేడి పెట్టేవాళ్లు. బారిడీహ్‌లోని మా క్వార్టర్ నుంచి నేనే కారులో దించేవాణ్ణి. దారిలో సరుకు బళ్ల కోసం వేసిన రైలు పట్టాలు రోడ్డుకి అడ్డంగా వస్తాయి. అవి దగ్గరికి రాగానే నాన్న రెండు అరచేతులూ సీటుకి ఆనించి ఒంటిని అంగుళం పైకెత్తి పట్టుకునేవాడు. పట్టాలు దాటాక మళ్లీ కూర్చునేవాడు. ఏదైనా చెబుతూ ఉంటే మాట ఆపేవాడు కాదు. అందుకని నేను పెద్దగా పట్టించుకోలేదు.

సరే, సామాన్ల కథ చెబుతాను. ముందు కలకత్తా వెళ్లాను. మల్లిక్ బజార్‌లో ఒక కొట్టువాడు ఏదో విదేశీ కారుకి ఊడదీసిన షాక్ అబ్జార్బర్ నేల మీద నిలబెట్టి, దాని మీద తన బరువంతా వేసి వంగాడు. అది దిగలేదు. "దేఖా?" అన్నాడు. చూశాను. దిగని వస్తువు గొప్పదని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. కాని దాని చివర బోల్టు దూర్చే చెవి నా కారుకి ఏ జన్మకీ కుదరదు. కొత్త చెవి అతికించాలి, అతికించినది ధాల్‌భూమ్‌గఢ్‌లో ఊడుతుంది. బాధగా వదిలేశాను. ఇంకో కొట్టులో ఇరుసుకీ చాసిస్‌కీ మధ్య బిగించే కడ్డీలు చూపించాడు. అవి ఇరుసుని మెలిపడనివ్వవు, నిజమే. కాని అంబాసిడర్ కింద అంత చోటు లేదు. కడ్డీ ఒక్క రాయికి తగిలితే చాలు, దానితోపాటు అన్నీ వస్తాయి. ఆ కారులోనే సోమవారం డ్యూటీకి వెళ్లాలి.

చివరికి గోల్‌మురి స్పేర్ పార్ట్స్ కొట్టులో సర్దార్‌జీ నా బాధ తీర్చాడు. ట్రక్కు కమాను పట్టీల్ని కారు కొలతకి కోయించి, మధ్యలో చిల్లు వేయించి ఇచ్చాడు. నాలుగు పట్టీలు, పక్కకి రెండేసి. ఒక్కొక్కటీ నా కారు పట్టీకి రెట్టింపు మందం. ఇంటికి తెచ్చి వరండాలో గోనె పరిచి వాటిని వరసగా పేర్చాను. చూడముచ్చటగా ఉన్నాయి.

సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చిన నాన్న చెప్పులు విప్పుతూ ఆగాడు.

"ఇవేటి?"

"కమాన్లో వెయ్యడానికి. రెండు పక్కలా రెండేసి."

ఆయన నెమ్మదిగా, నడుం వంచకుండా మోకాళ్ల మీద దిగి, నా చిన్న సుత్తి తీసుకుని ఒక పట్టీ మీద కొట్టాడు. చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. బొటనవేలితో అంచు మీద రాశాడు. ఆయన మొహంలో ఆ వెలుగు చూసి చాలాకాలమైంది.

"మంచి ఉక్కే. మా షాపుదే అయ్యుంటాది. ఒరే, బండి ఎప్పుడు గెంతుతాది?"

"క్లచ్ వదలగానే."

"ఆ బాట ఎలగుంటాది? నున్నగుంటాదేటి?"

"ఎక్కడ నాన్నా! ఏక్‌దమ్ పాత సిమెంటు. పలకల మధ్యలో గడ్డి."

"మరి సక్రం పలక దాటినప్పుడల్లా కిందకి దిగి నేల పట్టుకోవాల గదా. నువ్వు దిగనియ్యకుండా కట్టేత్తన్నావు. సక్రం గాల్లో ఉంటే ఇంజనెంత తిప్పితే ఏటి లాభం?" ఆయన పట్టీని గోనె మీద పెట్టేశాడు. "ఎయ్యడం కాదురా, తియ్యాల. నీ పాత కట్టలో అడుగు పట్టీ తీసీ. ముందు సగానికి కిలిప్పులేసి బిగించు, ఎనక సగం ఒగ్గీ. ముందు సక్రాల షాకుల్లో పలచటి నూనె పొయ్యి. బండి మూతి పైకెత్తి ఎనక్కి కూకోవాల. కూకుంటేనే నేల పట్టుకుంటాది."

ఊరంతా వెయ్యమంటే ఈయనొక్కడూ తియ్యమంటున్నాడు. కలకత్తా వెళ్లి, దుకాణాలన్నీ తిరిగి, సర్దార్‌జీ చేత కోయించి తెచ్చినవాణ్ణి నేను. అదీగాక ఆ మాట వినగానే నాకొక తెలివైన ఆలోచన వచ్చింది. అది తెలివైనదని అప్పుడు నిజంగానే అనుకున్నాను.

"సీదాగా చెప్పొచ్చు కదా నాన్నా. గురువారం నీ నడుముకి కుదుపు తగలకూడదు, అందుకే మెత్తగా చెయ్యమంటున్నావు."

ఆయన సుత్తిని గోనె మీద పెట్టాడు. విసిరెయ్యలేదు, పెట్టాడు. గోడ పట్టుకుని లేచాడు.

"అలగనుకున్నావేటి," అని లోపలికి వెళ్లిపోయాడు.

నాకేమీ అనిపించలేదు. నిజం చెప్పాలంటే కొంచెం గెలిచినట్టు కూడా అనిపించింది. మర్నాడు టీ కొట్టు దగ్గర ఈ ముచ్చట చెప్పి అందర్నీ నవ్వించాను. మేస్త్రి తన నడుం కోసం కారుని పరుపు చేయమంటున్నాడని.

ఆ గురువారం నేను లేచి వచ్చేసరికి నాన్న లేడు. ఆసుపత్రి కార్డు పెట్టుకునే సంచీ మేకుకి లేదు.

"నాన్నేరీ?" అని అమ్మని అడిగాను.

"ఎల్లిపోనారు. రిక్సా మీద."

"రిక్షా ఏంటి? కారుంది కదా!"

"నాకేటి తెలుసు," అంది అమ్మ పొయ్యి వైపు తిరిగే. "నీకే తెలవాల."

తెలుసు. అయినా ఆయనే దిగొస్తాడులే అనుకున్నాను. మా ఇంట్లో తప్పైందనే మాట ఎవరూ ఎవరితోనూ అనేవాళ్లు కాదు. రెండ్రోజులు మాటలుండవు, మూడోరోజు అన్నం దగ్గర ఉప్పు అందించమంటారు, దాంతో సరి. ఉప్పు దగ్గర నాన్న మామూలుగానే మాట్లాడాడు. కారు మాత్రం ఎక్కలేదు. తర్వాతి గురువారమూ రిక్షాయే.

కొత్త పట్టీలు బిగించాక కారు వెనక భాగం నాలుగు వేళ్ల ఎత్తు లేచింది. ఈగ వాలిన తేలులా తోక పైకెత్తుకుని నిలబడింది. స్నేహితులు డిక్కీ మీద ఎక్కి తొక్కారు. కదల్లేదు. అందరూ మెచ్చుకున్నారు. ధాల్‌భూమ్‌గఢ్ వెళ్లే రెండు గంటల్లో నా పళ్లన్నీ విడివిడిగా తెలిసొచ్చాయి గాని పందెపు కారంటే అలాగే ఉండాలి కాబోలు అనుకున్నాను.

రుమాలు పడింది. క్లచ్ వదిలాను. ఇదివరకు నాలుగైదు గెంతులు గెంతేది, ఆ రోజు లెక్క తెలీలేదు. ప్రతి పలక దగ్గరా వెనక చక్రాలు గాల్లోకి లేచి, అక్కడ పిచ్చిగా తిరిగి, నేల మీద పడి పట్టుకుని, మళ్లీ లేచాయి. అలా ఒకసారి పడ్డప్పుడు కింద ఠప్పుమంది. ఇంజను అరుస్తోంది, కారు ఆగిపోయింది. చక్రాన్ని తిప్పే ఇరుసు కడ్డీ విరిగిపోయింది. నా పక్కన కలకత్తా నుంచి వచ్చిన తెల్ల హెరాల్డ్ కారు హాయిగా పీపా దాటి, వెనక్కి తిరిగి వచ్చి, నాకేమైందో మర్యాదగా అడిగింది. ఆ మర్యాదే ఎక్కువ బాధించింది. ఇటుకలు దించి ఖాళీగా వస్తున్న లారీ వెనక తాడు కట్టించుకుని, ఎండ ఉండగానే మా వరస మొత్తం చూస్తుండగా ఇల్లు చేరాను. నాన్న వరండాలో కుర్చీలో ఉన్నాడు. కారుని చూశాడు, నన్ను చూశాడు. ఏదైనా అనుంటే బాగుండునని ఇప్పటికీ అనుకుంటాను.

కారుని ఇంటి వెనక రేకుల షెడ్డులో ఇటుకల మీద నిలబెట్టి, కమాన్లు ఊడదీసి, కొత్త పట్టీలు తీసేసి, పాత కట్టల్ని మూల పారేశాను. మూడు వారాలు దాని మొహం చూడలేదు. నాన్నని అడగాలని ఉంది, అడగడానికి మొహం చెల్లడం లేదు. నాలుగో వారం ఇరుసు కడ్డీ దొరికింది. బిగిద్దామని షెడ్డులోకి వెళ్లాను.

ఇక్కడ స్ప్రింగు షాపు అలవాటొకటి చెప్పాలి. అక్కడ కొలిమి హోరులో మాట వినపడదు. అందుకని మేస్త్రి నోటితో చెప్పడు, సుద్దతో గీస్తాడు. ఇంటూ గుర్తు పెడితే తీసెయ్యమని. అడ్డగీత పెడితే పట్టీలు విడిపోకుండా అక్కడ క్లిప్పు బిగించమని. సున్నా పెడితే బాగుంది, ముట్టుకోకు అని. చిన్నప్పుడు విశ్వకర్మ పూజ రోజున కార్ఖానా లోపలికి ఇంటివాళ్లని రానిచ్చేవారు. నాన్న మమ్మల్ని తీసుకెళ్లి ఆ గుర్తులన్నీ చూపించేవాడు. మేమింట్లో అప్పడాల మీద ఇంటూలు, సున్నాలు గీసి ఆడుకునేవాళ్లం.

నేను ఊడదీసి మూల పారేసిన పాత కమాన్లు రెండూ గోడ పక్కన సమంగా పేర్చి ఉన్నాయి. తుప్పు గీకేసి, నూనె తుడిచి ఉన్నాయి. అడుగు పట్టీల మీద తెల్లగా ఇంటూ. ముందు సగం మీద రెండేసి అడ్డగీతలు. వెనక సగం మీద సున్నా. ఒక్కో కమాను బరువు మామూలు మనిషి ఎత్తాలన్నా ఆలోచించుకోవాలి. ఆయన వాటిని మూల నుంచి గోడ దాకా ఎలా లాగాడో, ఎంతసేపు లాగాడో, నడుముకి ఆసుపత్రివాళ్లిచ్చిన తోలు బెల్టు ఎంత బిగించుకున్నాడో నాకు తెలీదు. నేను డ్యూటీలో ఉన్నప్పుడు చేసుంటాడు. సిగ్గేసింది. ఆ మాట ఇంతకంటే బాగా చెప్పడం నాకు చేతకాదు.

గీసినట్టే చేశాను. ఇంటూ ఉన్నవి తీసేశాను, గీతల దగ్గర క్లిప్పులు బిగించాను, సున్నాని ముట్టుకోలేదు. ముందు చక్రాల షాకుల్లోని నూనె మార్చి పలుచనిది పోశాను. స్నేహితులు వచ్చి చూసి జాలిపడ్డారు. "ఇది పెళ్లికూతుర్ని తీసుకెళ్లే కారులా ఉందిరా," అన్నాడొకడు.

ఆ తర్వాతి ఆదివారం అదే రన్‌వే, అదే తెల్ల హెరాల్డ్. క్లచ్ వదిలాను. కారు ముక్కు ఆకాశం వైపు లేచింది, వెనక భాగం నెమ్మదిగా కూర్చుంది, కూర్చుని నేలని పట్టుకుంది. గెంతు లేదు, చప్పుడు లేదు. గేరు మార్చడం కూడా ఒక క్షణం మరిచిపోయాను. పీపా దాటాక అద్దంలో చూస్తే హెరాల్డ్ ఇంకా వస్తోంది. స్నేహితులు గంతులేశారు. నేను కారు కిందకి వంగి క్లిప్పులు చూసుకున్నాను.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి నాన్న నడుం కింద వేడినీళ్ల సంచీ పెట్టుకుని మంచం మీద పడుకున్నాడు.

"లెగిసిందేటి?" అన్నాడు పైకప్పు వైపు చూస్తూ.

"ముందు లేచింది. వెనక కూర్చుంది."

"గెంతిందా?"

"ఒక్కసారి కూడా లేదు."

"ఎంత కూకుంది?"

బొటనవేలూ చూపుడువేలూ దూరంగా పెట్టి చూపించాను. ఆయన తన వేళ్లతో నా కంటే కొంచెం ఎక్కువ దూరం చూపించాడు. "ఇంత కూకోవాల. నూనె ఇంకా సిక్కగుంది," అన్నాడు. ఇంక ఆయన మొహంలోని సంతోషం దాచినా దాగలేదు. గెలిచావా అని మాత్రం అడగలేదు. అది తెలిసిన సంగతే అన్నట్టున్నాడు.

ఆ వారమంతా మా వరండాలో సందడే. టీ కొట్టువాళ్లు, స్కూటరువాళ్లు, సర్దార్‌జీ కూడా వచ్చారు. చాలా ఏళ్ల తర్వాత నాన్నని స్ప్రింగుల గురించి అడిగేవాళ్లు దొరికారు. ఆయన సుద్ద తెప్పించుకుని నేల మీద గీసి చెప్పేవాడు. బుధవారం సాయంత్రం పక్కింటాయన నవ్వుతూ అన్నాడు: "ఏదైతేనేం మేస్త్రీ, నీ నడుముకి హాయిగుండేలాగ బండి సేయించుకున్నావు." అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వి, చేతికంటిన సుద్ద దులుపుకున్నాడు. ఆ మాట ఎక్కడి నుంచి బయల్దేరి అక్కడిదాకా వచ్చిందో నాకొక్కడికే తెలుసు.

గురువారం పొద్దున్నే కారు కడిగి, వెనక సీటు మీద దుప్పటి మడిచి వేసి, తలుపు తీసి నిలబడ్డాను. నాన్న సంచీ పట్టుకుని వచ్చాడు. మోకాలి మీద చెయ్యి వేసి వంగి, కారు కింద ఉన్న కమానుని కాసేపు చూశాడు. చెయ్యి చాపి ఒక క్లిప్పు కదిపి చూశాడు. అప్పుడే వీధిలో రిక్షా గంట మోగింది.

"నాను రిక్సాకి సెప్పీసినాను," అన్నాడు.

"ఇప్పుడు మెత్తగా ఉంది నాన్నా. ఒక్కసారి కూర్చుని చూడు."

"మెత్తగుంటాదని తెలుసు."

"మరి?"

"నానెక్కితే నువ్వన్నదే నిజమైపోద్ది."

కోపంగా అనలేదు. నూనె చిక్కగా ఉందన్నంత మామూలుగా అన్నాడు. "తప్పైంది నాన్నా," అన్నాను. మా ఇంట్లో ఆ మాట నేను వినడం, అనడం కూడా అదే మొదలు. ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. "సరేలేరా. బండి బాగా కుదిరింది. దాన్ని పాడుసెయ్యకు," అని వీధిలోకి నడిచాడు.

ఆ కారు ఇంకో ఆరేళ్లు నా దగ్గరుంది. అందులో ఆయన ఎప్పుడూ ఎక్కలేదు. విశ్వకర్మ పూజకి ఊరంతా బళ్ల ముందు దండలు కడుతుంటే, ఆయన ఏటేటా గోనె పరుచుకుని కారు కింద పడుకుని కమాన్లకి బొట్టు పెట్టేవాడు. లేవడానికి నేను చెయ్యందిస్తే పట్టుకునేవాడు.

ఆ గురువారం ఏం చెయ్యాలో తోచక నేను కారు తీసి రిక్షా వెనకే బయల్దేరాను. ఆయన కోసం సర్దిన వెనక సీటు ఖాళీగా ఉంది, దుప్పటి మడత అలాగే ఉంది. రిక్షా నెమ్మదిగా వెళ్తోంది. రైలు పట్టాలు వచ్చాయి. రిక్షావాడు దిగి తోశాడు. నాన్న రెండు అరచేతులూ సీటుకి ఆనించి ఒంటిని పైకెత్తి పట్టుకున్నాడు. ముందు చక్రం పడింది, వెనక చక్రాలు పడ్డాయి. పడ్డప్పుడల్లా ఆయన తల ఒకసారి ముందుకి వంగింది. వెనకే నేనూ అవే పట్టాలు దాటాను. దాటినట్టు నాకు తెలియనే లేదు.